కాటన్ కోల్డ్ ప్రెస్ కాగితం: మూడేళ్ల వాడకం తర్వాత

నీటిరంగుల్లో చెట్లు అతికించిన బొమ్మల్లా వస్తున్నాయని కొత్త రంగులు కొనేవాళ్లు ముందు కాగితం మార్చి చూడాలి. నేను మూడేళ్లుగా 300 జీఎస్ఎం (చదరపు మీటరుకు 300 గ్రాముల బరువు), నూరు శాతం కాటన్ కోల్డ్ ప్రెస్, అంటే కాస్త గరుకుగా ఉండే కాగితం వాడుతున్నాను, ఎక్కువగా 28 × 38 సెంటీమీటర్ల ముక్కలు.

దూరం చూపించడానికి దీన్ని మించింది లేదు. చెక్క గుజ్జుతో చేసే మామూలు సెల్యులోజ్ కాగితం పైపైనే తడిసి, ఎండాకాలంలో చూస్తుండగానే మచ్చలు మచ్చలుగా ఆరిపోతుంది. కాటన్ నీటిని లోపల పట్టి ఉంచుతుంది. రెండుసార్లు తడిపి, కాగితాన్ని వెలుతురుకు ఏటవాలుగా పట్టి చూడండి. నిలిచిన నీటి తళుకు పోయి పట్టుబట్ట మెరుపు మిగిలినప్పుడు దూరపు చెట్ల వరస వేయాలి. అల్ట్రామెరీన్ నీలంలో చిటికెడు బర్న్ట్ సియెన్నా (ఎర్రమట్టి గోధుమరంగు) చాలు. ఆరాక పాలిపోతుంది కాబట్టి కాస్త ముదురుగానే పెట్టాలి. కుంచెను తప్పకుండా ఒకసారి గుడ్డకు అద్దాలి. కాగితంలోని తడికన్నా కుంచెలో నీళ్లు ఎక్కువైతే, ఆ నీరు రంగును నెట్టుకుపోయి కాలీఫ్లవర్ లాంటి మరక కడుతుంది.

దగ్గరి వేపచెట్టుకు పద్ధతి పూర్తిగా వేరు. పొడి కాగితం మీద 10వ నంబరు రౌండ్ కుంచెను పడుకోబెట్టి, పొట్టతో విసురుగా లాగాలి. కాగితం గుంటల్లో రంగు దిగక తెల్లచుక్కలు మిగులుతాయి. ఆకుల సందుల్లో ఆకాశం అదే. మొదట పసుపుపచ్చ గుబుర్లు, అవి చెమ్మగా ఉండగానే అడుగువైపు ముదురు ఆకుపచ్చ. కొమ్మలు పూర్తిగా ఆరాకే, అదీ ఆ సందుల్లో మాత్రమే. గుబురు మీదుగా కొమ్మ గీస్తే చెట్టు గుండ్రదనం పోతుంది. తాటిమట్టల అంచులకు ఈ గరుకు అడ్డమే. రంగు పలుచగా కలిపి, రిగ్గర్ (సన్నటి, పొడవాటి వెంట్రుకల కుంచె) నిండా తీసుకుంటే గీత తెగదు.

లోపాలూ ఉన్నాయి. రంగు లోతుగా దిగుతుంది, తుడిచి తీయడం కష్టం. ట్యూబు మీద పీజీ7 (కాగితానికి గట్టిగా పట్టేసే థాలో గ్రీన్ రంగు కోడ్) అని ఉంటే ఆ పచ్చ మీద ఆశ వదులుకోవచ్చు. 300 జీఎస్ఎం అయినా మొత్తం తడిపితే ఉబ్బుతుంది, నాలుగు వైపులా టేపు వేయాల్సిందే.

వానాకాలం అసలు గండం. చెమ్మకు కాగితంలోని సైజింగ్ (నీరు వెంటనే ఇంకకుండా ఆపే జిగురు) చెడిపోయి, వాష్ (పలుచని రంగు పూత) వేసినచోట అద్దుడు కాగితంలా ముదురు చుక్కలు తేలతాయి. మూల మీద ఒక నీటిచుక్క వేయండి. కాసేపు నిలబడితే మంచిది, వెంటనే ఇంకిపోతే సైజింగ్ పోయినట్టే. సిలికా జెల్ పొట్లాలతో జిప్ కవర్లో దాచడం మొదటిరోజు నుంచే అలవాటు చేసుకోండి. చెడిన షీట్లను పారేయకండి, పెన్సిల్ స్కెచ్‌లకు బాగానే ఉంటాయి.