దామిని యాప్: ఉభాల (వరి నాట్ల) రోజుల్లో నాకు అక్కరకొచ్చింది ఆ మ్యాపే

వ్యవసాయానికి పనికొస్తాయని ఫోన్‌లో ఎక్కించుకున్న యాప్‌లు చాలావరకు తీసేశాను. దామిని మాత్రం ఉంచుకున్నాను, అదీ అందులోని మ్యాప్ కోసమే.

పుణెలోని వాతావరణ పరిశోధన సంస్థ ఐఐటీఎం తయారుచేసిందనీ, పిడుగుల హెచ్చరిక ఇస్తుందనీ అందరికీ తెలిసిందే. విపత్తుల నిర్వహణ సంస్థ మెసేజ్‌లూ వస్తాయి గానీ అవి మండలం పేరుతో వస్తాయి. మడిలో వంగి నాటుతున్న మనిషికి కావాల్సింది పిడుగు ఇప్పుడు ఎక్కడుంది, ఇటు వస్తోందా లేదా అన్నది. దామిని మనమున్న చోటు చుట్టూ 20 కిలోమీటర్లు, 40 కిలోమీటర్ల పరిధి పెట్టుకుని, కాసేపటి కింద పడిన పిడుగుల్ని చుక్కలుగా చూపిస్తుంది.

మాది శ్రీకాకుళం జిల్లా జలుమూరు వైపు, వంశధార కాలువ కింద వరి. మధ్యాహ్నం మబ్బు చాలాసార్లు పర్లాకిమిడి కొండల మీంచి దిగుతుంది. పాతపట్నం మీద చుక్కలుంటే కాస్త టైం ఉన్నట్టు. సారవకోట దాకా వచ్చాయంటే ఇక మడిలో ఎవరూ ఉండకూడదు.

పోయిన ఏడాది ఉభాల్లో ఒకరోజు ఫోన్ మోగింది. మా నెత్తిన మాత్రం ఎండే. గుత్తకు వచ్చిన ఆడవాళ్లకి ఇంకా అరెకరం మిగిలుంది, పొద్దుగూకేలోపు అయిపోతే మర్నాడు వేరే చోటుకి పోవచ్చు. వాళ్లలో పెద్దామె నడుం కూడా ఎత్తకుండా, "ఎండ కాస్తంటే పిడుగేటి బావూ" అంది. ఆమెకి చదువు రాదు. ఫోన్ తీసుకెళ్లి ఆమె ముందు పెట్టి, ఇది మనం, ఇవి ఇందాక పడ్డవి, ఇవి ఇప్పుడు పడ్డవి అని చూపించాను. చేతి బురద చీరకు తుడుచుకుని చూసింది. కాసేపాగి మళ్లీ చూపించమని తనే అడిగింది. చుక్కలు జరిగాయి. "ఇటే వస్తన్నాయి, లెగండే" అని మిగతావాళ్లని ఆమే కేకేసింది. చేతిలో ఆకు కట్టలు అక్కడే వదిలేసి అందరం స్కూలు గదిలోకి వెళ్లాం. కేరేజీలు విప్పి తింటుండగా ఉరుములు మొదలయ్యాయి. పిడుగు మా మడిలో పడలేదు. చెరువు అవతల ఒక తాటిచెట్టు మీద పడి మొవ్వు మాడిపోయింది. అంతకు ముందు వానొస్తే మేం తలదాచుకునేది అలాంటి చెట్ల కిందే, ఉరిమితే అర్జునా ఫల్గుణా అనుకుంటూ. అప్పటినుంచి మబ్బు పట్టగానే ఆమే "బొమ్మ చూపించు" అంటుంది. అక్షరం రాని మనిషి చూసి, తనే నిర్ణయం తీసుకునేలా ఉంది ఆ మ్యాప్. నేను ఇంత గట్టిగా చెప్పడానికి కారణం అదే.

అయితే ఆ రోజు సిగ్నల్ ఉంది. గాలి లేస్తే మా దగ్గర కరెంటు పోతుంది, కాసేపటికి టవరూ పోతుంది. అప్పుడు మ్యాప్‌లో పాత చుక్కలే నిలబడిపోతాయి. ఇది నాకు చాలా టెన్షన్ పెట్టే విషయం. పిడుగు దగ్గరికొచ్చినా ఇంకా దూరంగానే ఉన్నట్టు కనిపిస్తుంది. నా ఫోన్‌లోని బ్యాటరీ సేవర్ కూడా యాప్‌ని మూసేస్తుంటుంది, సెట్టింగ్స్‌లోకెళ్లి దీన్ని మినహాయించాలి. నెట్ పోతే లెక్కే దిక్కు. మెరుపుకీ ఉరుముకీ మధ్య మూడు సెకన్లకు ఒక కిలోమీటరు. 30 సెకన్లలోపే ఉరిమితే పని ఆపేసి శ్లాబు కిందకి పోవాలి, చివరి ఉరుము తర్వాత అరగంట ఆగాలి. గోడల్లేని పాక పనికిరాదు.

ఇంకొకటి. 20 కిలోమీటర్ల హెచ్చరిక వచ్చిన ప్రతిసారీ మన మీద పిడుగు పడదు. కొన్ని సాయంత్రాలు ఊరికే మోగి పోతుంది. గుత్త పనిలో ఆగిన గంట నష్టం కూలివాళ్లదే కాబట్టి, రెండోసారికే ఎవరూ లేవరు. అందుకే నేను ఆపించిన టైంకి కూలి కలిపి ఇస్తానని ముందే మాట అనుకున్నాం. అది లేకపోతే యాప్ ఎంత మంచిదైనా మడిలోంచి మనిషిని లేపలేదు. పొలం ఉన్న ప్రతివాళ్లూ ఈ మాట ఇవ్వాలని నేను గట్టిగా అంటాను.

మాకు స్కూలు నడక దూరంలో ఉంది, అందుకే సరిపోతోంది. మందస వైపు కొండవాలు జీడితోటల్లో పనిచేసేవాళ్లకి శ్లాబు ఎక్కడో ఉంటుంది. వాళ్లు 40 కిలోమీటర్ల దగ్గర చుక్కలు కనబడగానే బయల్దేరడం మేలు. హెచ్చరిక ఫోన్ ఉన్న చోటుకే వస్తుంది. కొడుకు ఫోన్‌లో ఎక్కించి, ఆ కొడుకు విశాఖలో ఉంటే విశాఖ పిడుగులకే మోగుతుంది. నాటే ఆడవాళ్లు బురదకి భయపడి ఫోన్లు ఇంట్లోనే పెట్టి వస్తారు. ఎవరో ఒకరు గట్టు మీద ఫోన్ పట్టుకుని ఉండాలి. మా పొలంలో ఆ పని నాది కాబట్టి నాకు ఇది బాగానే పనిచేసింది.