మూడేళ్లు వాడాక: జేమ్స్ వెబ్ నియర్‌క్యామ్ ఫైళ్లు

జేమ్స్ వెబ్ అంతరిక్ష టెలిస్కోప్ గొప్పతనం అందరికీ తెలిసిందే, అది వదిలేస్తున్నా. నాకు తెలిసింది అందులోని నియర్‌క్యామ్ అనే ఇన్‌ఫ్రారెడ్ కెమెరా ఫైళ్లే. అవి కూడా గుంటూరు అరండల్‌పేటలో అద్దె ఇంట్లో, 16 జీబీ ల్యాప్‌టాప్ మీద.

2022 జూలైలో మొదటి ఫొటోలు రాగానే ఎస్‌మ్యాక్స్ 0723 గెలాక్సీల గుంపు ఫైళ్లు దించుకున్నాను. సరిచేసి ఇచ్చినవే కదా అని ఓ పదిహేను గెలాక్సీల వెలుగు కొలిచి, ఎక్సెల్‌లో ఎక్కించి, ట్యూషన్ పిల్లలకి గొప్పగా చూపించాను. "దించుకో, కొలుచుకో, అంతే" అని అప్పట్లో కనిపించిన వాళ్లందరికీ చెప్పాను.

దసరాకి ల్యాప్‌టాప్ మార్చాను. కాపీ చేయడానికి బద్ధకించి అవే ఫైళ్లు మళ్లీ దించాను. అదే గెలాక్సీ, అదే ఫిల్టరు, వెలుగు కొలవడానికి చుట్టూ గీసిన వలయం కూడా అంతే. అంకె మాత్రం పదో వంతుకు పైగా తేడా! మూడు రాత్రులు నా స్క్రిప్టునే తిట్టుకున్నాను. మధ్యలో కరెంటు పోయి ఇన్వర్టర్ కూడా చేతులెత్తేసింది. నాలుగో రోజు పాత ల్యాప్‌టాప్ తీసి రెండు ఫైళ్ల హెడర్లు (ఫైలు మొదట్లో ఉండే వివరాలు) పక్కపక్కన పెట్టి చూస్తే, సీఆర్‌డీఎస్ కాంటెక్స్ట్ అన్న లైనులో నంబర్లు వేరు. ఏ లెక్కలతో ఫైలు సరిచేశారో చెప్పే నంబరు అది.

విషయం ఏంటంటే, ఎంత వెలుగుకి డిటెక్టర్ ఎన్ని కౌంట్లు ఇస్తుందో మొదట నేల మీద పరీక్షలతో అంచనా కట్టారు. పైకెళ్లి చల్లబడ్డాక, వెలుగు బాగా తెలిసిన నక్షత్రాలను చూపించి మళ్లీ లెక్క కట్టారు. నియర్‌క్యామ్‌లో డిటెక్టర్లు పది, దేని లెక్క దానిదే. కొత్త లెక్క రాగానే ఆర్కైవ్‌లోని పాత ఫైళ్లన్నీ మళ్లీ తయారు చేశారు. అతి దూరపు గెలాక్సీలు దొరికాయని ఆ జూలై, ఆగస్టుల్లో రాసిన శాస్త్రవేత్తలు కూడా కొందరు అంకెలు దిద్దుకోవాల్సి వచ్చింది. అది తెలిశాక కాస్త ఊరట.

మిర్చి యార్డులో గుమస్తా మా బాబాయికి చెబితే, "టిక్కీ అదేరా, కాటా సరిచేశారు. పాత చీటీలు చింపెయ్" అన్నాడు. టిక్కీ అంటే మిర్చి బస్తా. పిల్లలకి చూపించిన చీటీలు కదా బాబాయ్, అక్కడే ఉంది బాధంతా.

అయినా దీన్ని వదల్లేకపోవడానికి కారణం పచ్చి ఫైలు, అంటే ఇంకా సరిచేయనిది. పిక్సెల్‌ని చెరపకుండా వరసగా చదివిన అంకెలు అందులో ఉంటాయి. ఒక పిక్సెల్ అంకెల్ని గ్రాఫు గీసి చూస్తే వెలుగు మెట్టు మెట్టుగా ఎక్కుతూ, ఒకచోట ఉన్నట్టుండి ఎగురుతుంది. కాస్మిక్ కిరణం, అంటే అంతరిక్షం నుంచి దూసుకొచ్చే కణం, తగిలిన చోటు అదే. ఆ ఎగురుడు తీసేస్తే వాలు మళ్లీ మామూలే. మొదటిసారి అది చూసిన రాత్రి టీ చల్లారిపోయింది.

సరిచేసిన ఫైళ్లలో సన్నటి అడ్డచారలు మాత్రం నాకు ఇంకా విసుగే. వాటిని తీసే అడుగు, ఫైళ్లు సరిచేసే సాఫ్ట్‌వేర్ తర్వాతి వెర్షన్లలో వచ్చింది కానీ, నేను చూసినప్పుడు మనం ఆన్ చేస్తేనే పనిచేసేది. నేను అది తెలియక ఓ నెల సొంత స్క్రిప్టుతో కుస్తీ పట్టాను.

బొమ్మల కోసమైతే కళ్లు మూసుకుని తీసుకోవచ్చు. కొలతల కోసమైతే ఆ కాంటెక్స్ట్ నంబరు మీ పట్టికలో ఒక గడిగా రాసుకోండి. నాకంటే ట్యూషన్లు అయ్యాక రాత్రిళ్లు ఖాళీ కాబట్టి సరిపోయింది. ఉద్యోగం, పిల్లలు ఉన్నవాళ్లకి ఎలా ఉంటుందో చెప్పలేను. మే నెలలో అయితే నేనూ ముట్టుకోను, ఈ ఎండకి ల్యాప్‌టాప్ ఫ్యాన్ మోత పక్కింటి దాకా వినిపిస్తుంది.