నోరు ఎండితే స్ప్రేనా, జెల్లా? కృత్రిమ లాలాజలం మీద రివ్యూ

కోఠి, అఫ్జల్‌గంజ్ వైపు మందుల షాపుల్లో "నోరు ఎండిపోతోంది" అంటే చాలావరకు చేతికొచ్చేది స్ప్రే. నోట్లో ఎక్కడ ఎండుతోందని అడిగేవాళ్లు తక్కువ. కొన్నది పనిచేస్తుందా లేదా అన్నది మాత్రం ఆ జవాబు మీదే ఉంటుంది.

నాలుక కింద తడి ఉన్నా అంగిలి అట్టలా ఎండిపోయేవాళ్లు చాలామందే. మామూలు నోట్లో కూడా అంగిలి ముందు భాగం మీద ఉండే ఉమ్మి పొర అన్నిటికంటే పలచన. అక్కడికి తడినిచ్చేది ఎక్కువగా అంగిలిలోని చిన్న లాలాజల గ్రంథులే. ఉస్మానియా బిస్కెట్ ఒక ముక్క కొరికి, చాయ్ తాగకుండా నమలండి. పొడి అంగిటికి అతుక్కుని నాలుకతో గీకినా రాకపోతే ఎండింది అక్కడే. బుగ్గ లోపలి చర్మం పళ్లకు అతుక్కుంటూ, మాట్లాడితే నాలుక పిడచకట్టుకుపోతుంటే సంగతి వేరు, పెద్ద లాలాజల గ్రంథుల ఊటే తగ్గిందని అనుమానించాలి. ఊరికే కూర్చుని 15 నిమిషాలు కొలత కప్పులో ఉమ్మితే 1.5 మిల్లీలీటర్లు కూడా రాకపోతే లాలాజలం నిజంగానే బాగా తగ్గినట్టు.

స్ప్రేలో ఎక్కువగా ఉండేది సీఎంసీ అనే జిగురు, నీళ్లు, లవణాలు. బుగ్గలకు, నాలుక కిందికి బాగానే పనికొస్తుంది కానీ ఎక్కువసేపు నిలవదు. దాన్ని నాలుక మధ్యలో కొట్టుకోవడమే అందరూ చేసే పొరపాటు, ఒక్క గుటకలో గొంతు దిగిపోతుంది. నాలుక పైకెత్తి కింద ఒకసారి, చెరో బుగ్గ లోపల ఒకసారి కొట్టి, అర నిమిషం మింగకుండా నాలుకతో తిప్పాలి. అంగిటి మీద మాత్రం నిలవదు, జారిపోతుంది.

అంగిటికి జెల్లే సరైనది. పడుకునే ముందు పుక్కిలించి, శనగగింజంత జెల్ శుభ్రమైన వేలి మీద తీసుకుని, పైపళ్ల వెనక నుంచి మొదలుపెట్టి పలచగా రాయాలి. మరీ వెనక్కి పోతే వాంతి వచ్చినట్టవుతుంది. మందంగా పూస్తే పొద్దున్నే తెల్లటి ముద్దలు కడతాయి, ఆ చిరాకుతోనే చాలామంది ట్యూబు పక్కన పడేస్తారు. నిద్రలో లాలాజలం దాదాపు ఆగిపోతుంది కాబట్టి రాత్రి రాయడమే ముఖ్యం. పైన కట్టుడు పళ్ల సెట్టు ఉన్నవాళ్లు పగలు దాని లోపలివైపు సన్నగా రాసి పెట్టుకుంటే ఒరుసుకోదు.

గొంతు, నాలుక వెనక భాగం ఎండితే రెండూ అంతంతమాత్రమే. నోటితో ఊపిరి పీల్చడం వల్ల ఎండుతుంటే ముందు ముక్కుదిబ్బడ సంగతి చూడాలి. మే నెలలో ఫ్యాన్‌గానీ ఏసీగానీ గాలి నేరుగా ముఖానికి కొట్టకుండా మంచం జరపండి. పెదవులకు పెట్రోలియం జెల్లీ చాలు.

నిమ్మ రుచివి మాత్రం కొనొద్దు. ఉమ్మి లేని నోట్లో పులుపు పంటి పింగాణీని కరిగిస్తుంది. పీహెచ్ (పులుపు కొలత, తగ్గేకొద్దీ పులుపు ఎక్కువ) 5.5 కంటే తగ్గితే ఆ ప్రమాదం మొదలవుతుంది, క్యాన్సర్‌కు తల, మెడ దగ్గర రేడియేషన్ తీసుకున్నవాళ్లకు ఇంకా ఎక్కువ. లేబుల్ మీద చక్కెర ఉంటే అదీ వద్దు. చక్కెర లేని చూయింగ్ గమ్ గ్రంథులు కొంతైనా పనిచేసేవాళ్లకే లాభం.

జలుబు మాత్రలు, డిప్రెషన్ మందులు, మూత్రం ఆపుకోలేకపోవడానికి వాడేవి నోటిని ఎండబెడతాయి. వాటిని మీ అంతట మీరు ఆపకుండా, వాడుతున్న స్ట్రిప్పులన్నీ ఒక కవర్లో వేసుకుని డాక్టర్‌కి చూపించండి.