విజయనగరంలో రెండున్నరేళ్లకు పైగా డేకేర్: పాప సంగతి బాగుంది, డబ్బు లెక్కే బాగోలేదు

2022 జూన్‌లో మా పాపకి ఏడాదిన్నర నిండగానే బాలాజీ నగర్ వైపు ఉన్న ఒక డేకేర్‌లో చేర్చాను. 2025 మార్చి ఆఖరున మాన్పించాను. నా ఉద్యోగం చీపురుపల్లిలో. అత్తగారికి మోకాళ్ల నొప్పులు, పాప వెనక పరుగెత్తలేరు. కాబట్టి డేకేర్ తప్ప దారి లేకపోయింది.

ముందు మంచి చెప్పాలి. అక్కడి ఆయమ్మ లాంటి మనిషి దొరకడం మా అదృష్టం. పాప రెండు రోజులు కనబడకపోతే ఫోన్ చేసి "గుంటకి జొరమొచ్చిందేటమ్మా?" అని అడిగేది. అన్నం దగ్గర మారాం చేస్తే ఒళ్లో కూర్చోబెట్టుకుని తినిపించేది. శుభ్రతకీ పిల్లల భద్రతకీ నేను వంక పెట్టను.

గొడవంతా ఫీజు దగ్గరే. చేర్చినప్పుడు నెలకి 3,500, డిపాజిట్ 7,000 అన్నారు. రసీదు అడిగితే చిన్న చీటీ ఇచ్చారు, అందులో మొత్తం తప్ప షరతులేవీ లేవు. మానేటప్పటికి ఫీజు 4,800 అయింది. పెంచడం తప్పని నేననను. అద్దె, ఆయాల జీతాలు, కూరగాయలు అన్నీ పెరిగాయి. కానీ పెంచినట్టు ఒకటో తారీఖున, బ్యాగు అందిస్తూ చెప్తే మనం ఏం చేయగలం? పాప అప్పటికే లోపలికి వెళ్లిపోయింది, నా రైలుకి ఇరవై నిమిషాలే ఉంది. పొద్దున్న పోట్లాడితే సాయంత్రం దాకా పాపని ఎలా చూస్తారో అన్న టెన్షన్ వేరే. ఆ భయంతోనే చాలాసార్లు నోరు మూసుకుని ఫోన్‌పే చేశాను.

2023 ఆగస్టులో పాపకి జ్వరం వచ్చి పదిహేడు రోజులు పంపలేదు. పూర్తి ఫీజు అడిగారు. నాకు కోపం వచ్చింది కానీ నిర్వాహకురాలు చెప్పింది విన్నాక కొంత సబబే అనిపించింది. మీ పాప రాలేదని ఆయాకి సగం జీతం ఇవ్వలేం కదా మేడమ్ అన్నారామె. నిజమే. అయితే తినని తిండికి డబ్బెందుకని అడిగితే భోజనం కింద 450 తగ్గించారు. ఇలాంటివి చేర్చే రోజే మాట్లాడుకుని రాయించుకోవాల్సింది. సెలవులకి ఎంత కోస్తారు, ఆరు దాటాక వస్తే అరగంటకి ఎంత, మానేయాలంటే ఎన్ని రోజుల ముందు చెప్పాలి, డిపాజిట్ ఎప్పుడిస్తారు, ఈ నాలుగూ కాగితం మీద ఉంటే చాలు.

అసలు దెబ్బ చివర్లో తగిలింది. నెల ముందు రాతపూర్వకంగా చెప్పలేదని డిపాజిట్‌లో ఒక నెల ఫీజు 4,800 పట్టుకుని 2,200 చేతిలో పెట్టారు. నేను ఫిబ్రవరిలోనే చెప్పానంటే, మాకు గుర్తు లేదన్నారు. ఆ రాత్రి పాత వాట్సాప్ అంతా వెతికాను. "మార్చి ఆఖరుతో మానేస్తాం" అని ఫిబ్రవరి 3న పెట్టిన మెసేజ్, కింద వాళ్ల "సరే మేడమ్" దొరికాయి. అది ప్రింట్ తీసి, ఫోన్‌పే చెల్లింపుల జాబితా జతచేసి, పదిహేను రోజుల్లో ఇవ్వమని ఉత్తరం రాసి ఇచ్చాను. ఇవ్వకపోతే వినియోగదారుల కమిషన్‌కి వెళ్తానని కూడా రాశాను.

ఆ మాట ఊరికే రాయలేదు. ముందే తెలుసుకున్నాను. డబ్బు కట్టి సేవ పొందిన వాళ్లు 2019 వినియోగదారుల రక్షణ చట్టం కింద ఫిర్యాదు చేయొచ్చు. కట్టిన మొత్తం 5 లక్షల లోపు అయితే జిల్లా కమిషన్‌లో ఫిర్యాదుకి రుసుము లేదు. లాయరు లేకుండా మనమే వేసుకోవచ్చు, గొడవ మొదలైన రెండేళ్ల లోపు వేయాలి. అంతకంటే ముందు 1915 హెల్ప్‌లైన్‌కి ఫోన్ చేసి చెప్పుకోవచ్చు. నాకు అంతదాకా పోయే అవసరం రాలేదు. 4,800 రెండు విడతలుగా వేశారు, రెండోది మే నెలలో వచ్చింది.

పిల్లల్ని చూసుకునే తీరుకి ఐదుకి నాలుగున్నర ఇస్తాను. డబ్బు వ్యవహారానికి ఒకటిన్నర. చేర్చాలనుకునే వాళ్లు చేర్చండి, కానీ షరతులు రాసిచ్చాకే డిపాజిట్ కట్టండి. ఆయమ్మకి ఈ గొడవ తెలియనివ్వలేదు. మొన్న సిరిమానోత్సవం రోజు గంటస్తంభం దగ్గర కనబడితే పాప నా చెయ్యి వదిలించుకుని ఆవిడ దగ్గరికి పరుగెత్తింది.