అమెరికా కార్డ్‌లెస్ ఫోన్ కొంటున్నారా? ముందు దాని అడుగున స్టిక్కర్ చదవండి

ల్యాండ్‌లైన్‌కి కార్డ్‌లెస్ సెట్టు కొనాలనుకునేవాళ్ళు, ముఖ్యంగా ఇంట్లో పెద్దవాళ్ళ కోసం వెతుకుతున్నవాళ్ళు, ఇది ఒక్కసారి చదవండి. నేను రెండుసార్లు దెబ్బతిన్నాను. పోయిన డబ్బు కన్నా మా అమ్మ మాటలు వేరే ఇంట్లో వినపడ్డాయన్న బాధే ఎక్కువ.

అమ్మకి మోకాళ్ళ నొప్పులు. ఫోన్ మోగితే గబగబా హాల్లోకి రాలేదు. అందుకని హైదరాబాద్‌లో మా ఫ్లాట్‌కి దగ్గర్లోని షాపులో పొడుగు యాంటెన్నా ఉన్న పాత రకం సెట్టు ఒకటి తెచ్చాను. కొన్నాళ్ళు బాగానే నడిచింది. ఒకరోజు కింది ఫ్లోర్ ఆంటీ మెట్ల మీద కనపడి, "మీ అమ్మగారి ఎఫ్‌డీ ఈ నెల్లోనే మెచ్యూర్ అవుతుందట కదా బాబూ" అన్నారు. నాకు నోట మాట రాలేదు.

ఆవిడ తప్పేం లేదు. వాళ్ళింట్లోనూ అలాంటి సెట్టే ఉంది. హ్యాండ్‌సెట్ ఎత్తితే డయల్ టోన్‌కి బదులు అమ్మ గొంతు వినపడిందట, బ్యాంకువాళ్ళకి చెబుతున్న అకౌంట్ నంబరుతో సహా. 46, 49 మెగాహెర్ట్జ్ దగ్గర పనిచేసే ఆ అనలాగ్ సెట్లు మన మాటని ఎఫ్ఎం రేడియోలాగే ఉన్నదున్నట్టు గాల్లోకి వదులుతాయి. అదే ఛానెల్ మీద ఎవరున్నా వినొచ్చు. అమెరికాలో 1986లో ఫోన్ మాటల రక్షణకి చట్టం చేసినప్పుడు కార్డ్‌లెస్‌లో గాల్లో వెళ్ళే భాగాన్ని అందులోంచి తీసేశారు. మళ్ళీ 1994లో గానీ చేర్చలేదు. చట్టం చేసినవాళ్ళకే అది బహిరంగంగా మాట్లాడినట్టు అనిపించిందంటే, ఆ ఫోన్లో రహస్యం ఎంతో ఆలోచించండి.

సరే, డిజిటల్‌ది కొందామని ఇంపోర్టెడ్ సామాన్లు అమ్మే ఇంకో షాపుకి వెళ్ళాను. "డెక్ట్ 6.0 సార్, అమెరికా మాల్, ఎవడూ వినలేడు" అన్నాడు. డెక్ట్ అంటే డిజిటల్ కార్డ్‌లెస్ ఫోన్లలో ఒక పద్ధతి. 120 వోల్టుల అడాప్టర్ కాబట్టి ఒక స్టెప్‌డౌన్ ట్రాన్స్‌ఫార్మర్ కూడా అంటగట్టాడు. బిల్లు అడిగితే ధర పెరుగుతుందన్నాడు. ఊరుకున్నాను. అక్కడే తప్పు చేశాను.

ఆ తర్వాత మా అపార్ట్‌మెంట్‌లో మొబైల్ కాల్స్ మధ్యలో తెగిపోవడం మొదలైంది. అందరం కంపెనీని తిట్టుకున్నాం. రెండు నెలలకి ఆ కంపెనీ ఇంజనీర్లు ఇద్దరు, చేప ముల్లులా ఉండే యాంటెన్నా పట్టుకుని, ముందు టెర్రస్ మీద, తర్వాత ఒక్కో ఫ్లోర్ వెతుక్కుంటూ మా గుమ్మం ముందుకొచ్చి ఆగారు. యాంటెన్నా తిన్నగా అమ్మ ఫోన్ స్టాండు వైపు తిప్పారు. "ఒకసారి ప్లగ్ తీయండి" అన్నారు. తీశాను. చేతిలోని స్క్రీన్ చూస్తున్నాయన "పోయింది" అన్నాడు. మళ్ళీ పెట్టమన్నాడు. "వచ్చింది." అమ్మ మంచం మీద కూర్చుని బిక్కమొహం వేసింది, తనేదో నేరం చేసినట్టు.

సంగతేమిటంటే, డెక్ట్ 6.0 అనే పేరులో 6 చూసి ఆరు గిగాహెర్ట్జ్ అనుకుంటాం. అది వట్టి అమ్మకాల పేరు. ఆ సెట్లు నడిచేది 1920 నుంచి 1930 మెగాహెర్ట్జ్ మధ్య. అమెరికాలో ఆ చోటు కార్డ్‌లెస్‌లకి కేటాయించారు. మన దేశంలో మాత్రం 1920 నుంచి 1980 దాకా మొబైల్ ఫోన్లు టవర్‌తో మాట్లాడే దారి. దూరంగా ఉన్న మొబైళ్ళ సన్నటి సిగ్నల్ కోసం టవర్ చెవి ఒగ్గి ఉంటే, మన స్టాండు పక్కనుంచి అరుస్తూ ఉంటుంది. ఫోన్ మాట్లాడకపోయినా సరే, ప్లగ్‌లో ఉన్నంతసేపూ సెకనుకి వందసార్లు సిగ్నల్ వదులుతూనే ఉంటుంది. 3జీ పోయింది కదా అనకండి, అదే బ్యాండ్ మీద ఇప్పుడు 4జీ నడుస్తోంది.

షాపువాడు తిరిగి తీసుకోలేదు. "బిల్లేదీ?" అన్నాడు.

కాబట్టి కొనేముందు సెట్టు తిరగేసి స్టాండు అడుగున చదవండి. డెక్ట్ 6.0 అనిగానీ 1920–1930 అనిగానీ ఉంటే, అడాప్టర్ మీద 120 వోల్టులు, 60 హెర్ట్జ్ అని మాత్రమే ఉంటే, అక్కడే పెట్టేసి వచ్చేయండి. మన దగ్గర వైర్‌లెస్ పరికరాలకి టెలికాం శాఖలోని డబ్ల్యూపీసీ విభాగం ఇచ్చే ఈటీఏ ఆమోదం ఉండాలి. దాని గురించి అడగండి, బిల్లు కూడా అడగండి. 2.4 గిగాహెర్ట్జ్ సెట్టయితే వైఫై రౌటర్‌కి దూరంగా పెట్టండి, లేకపోతే రెండూ గొడవపడతాయి.

డిజిటల్ అన్న మాటని కూడా పూర్తిగా నమ్మొద్దు. 2008 డిసెంబర్‌లో బెర్లిన్‌లో కొందరు పరిశోధకులు ల్యాప్‌టాప్‌కి తగిలించే చవక కార్డుతో డెక్ట్ కాల్స్ విని చూపించారు. చాలా సెట్లలో ఎన్‌క్రిప్షన్, అంటే మాటల్ని బయటివాళ్ళకి అర్థం కాకుండా మార్చే ఏర్పాటు, అసలు ఆన్ అయి లేదు. అందుకే బ్యాంకు విషయాలకి అమ్మ మంచం పక్కన ఇప్పుడు వైరు ఫోన్ పెట్టాను, పొడుగు తీగ వేయించి.

ఈ సెలవులకి అమెరికా నుంచి మీ వాళ్ళెవరైనా వస్తూ "అత్తయ్యకి మంచి కార్డ్‌లెస్ తెస్తున్నా" అంటే, వాళ్ళు సూట్‌కేస్ సర్దకముందే ఫోన్ చేసి వద్దని చెప్పండి.