షెనండోవా కొండల్లో టెంటు: పిల్లలు, పెద్దవాళ్ళతో వెళ్ళేవాళ్ళ కోసం

లేబర్ డే (సెప్టెంబరు మొదటి సోమవారం) పొడుగు వీకెండ్‌కి అమెరికాలో వర్జీనియాలోని షెనండోవా నేషనల్ పార్కులో క్యాంపింగ్‌కి వెళ్ళొచ్చాం. మేమిద్దరం, పిల్లలిద్దరు, ఇండియా నుంచి వచ్చి ఉన్న మా అత్తగారు. ఇంట్లో పెద్దవాళ్ళుంటే క్యాంపింగ్ ఎందుకు పెట్టుకోవడం అని చాలామంది అన్నారు. చోటు సరిగ్గా చూసుకుంటే భయమేమీ లేదని చెప్పడానికే ఇది రాస్తున్నా.

మేం దిగింది బిగ్ మెడోస్ క్యాంప్‌గ్రౌండ్‌లో. కొండ మీద పొడుగునా సాగే స్కైలైన్ డ్రైవ్ అనే రోడ్డు మొత్తం 105 మైళ్ళు, అందులో ఇది దాదాపు 51వ మైలు దగ్గర ఉంటుంది. వేగం 35 మైళ్ళు దాటకూడదు, పైగా మలుపుకో వ్యూ పాయింట్, ప్రతి చోటా పిల్లలు ఆపమంటారు కాబట్టి మ్యాప్ చూపించే టైముని నమ్ముకుని చీకటి పడ్డాక టెంటు వేసే పరిస్థితి తెచ్చుకోకండి. ఫ్రంట్ రాయల్ గేటు కంటే లూరే మీదుగా థార్న్‌టన్ గ్యాప్ గేటు నుంచి ఎక్కితే దగ్గర. ప్రవేశ రుసుము కారుకి 30 డాలర్లు, ఏడు రోజులు చెల్లుతుంది.

ఉత్తరాన ఉన్న మాథ్యూస్ ఆర్మ్ క్యాంప్‌గ్రౌండ్ మా ఊరి వైపు నుంచి దగ్గరే, కానీ అక్కడ షవర్లు లేవు. అందుకే అది వద్దనుకున్నాం. బిగ్ మెడోస్‌లో టాయిలెట్లు శుభ్రంగా ఉన్నాయి, విడిగా డబ్బు కడితే వేడినీళ్ళ స్నానం, కావలసినవి కొనుక్కోవడానికి చిన్న స్టోర్. పెద్దవాళ్ళతో వెళ్తే ముందు చూడాల్సింది ఇవే, వ్యూలు తర్వాత. మా సైటు నుంచి టాయిలెట్‌కి నిమిషం నడక, అర్ధరాత్రి టార్చిలైటు పట్టుకుని అత్తగారు ఒక్కరే వెళ్ళొచ్చారు.

తిండి విషయంలో మాత్రం ఇక్కడి పద్ధతి పాటించి తీరాలి, ఎలుగుబంట్లు నిజంగానే తిరుగుతాయి. వాసన వచ్చేది ఏదీ టెంటులో ఉండకూడదు, కారులో గానీ అక్కడి ఇనుప పెట్టెలో గానీ పెట్టి మూసెయ్యాలి. సబ్బు, టూత్‌పేస్టు కూడా. మా అత్తగారైతే "ఆవకాయ సీసా కూడానా అల్లుడుగారూ, అంత కారం ఎలుగుబంటి తింటుందా?" అన్నారు. ఆవకాయా పెట్టెలోకే వెళ్ళింది. పులిహోర, దద్దోజనం ఇంటి నుంచే తెచ్చుకున్నాం, స్టవ్ మీద టీ, మ్యాగీ అంతే. అంట్లు తోమే పని తగ్గితే ఆ సాయంత్రం మనది. కట్టెలు మాత్రం ఇంటి నుంచి మోసుకురాకండి, చెట్లని తినేసే పురుగులు వాటితో వస్తాయని పార్కువాళ్ళు ఒప్పుకోరు. అక్కడి స్టోర్‌లో కొనుక్కోవచ్చు.

టెంటు అద్దెకి తీసుకున్నాం. జిప్పు సగం దాకా వచ్చి గుడ్డలో ఇరుక్కునేది, రెండు రాత్రులూ పిన్నీసులు పెట్టి మూశాం. షాపువాళ్ళు చూసి ఇవ్వాల్సింది. మీరు అద్దెకి తీసుకుంటే అక్కడే విప్పించి, జిప్పు నాలుగుసార్లు లాగి చూడండి.

చలి సంగతి. క్యాంప్‌గ్రౌండ్ సుమారు 3,500 అడుగుల ఎత్తులో ఉంటుంది. కింద ఊళ్ళో ఏసీ వేసుకునే రోజుల్లో పైన రాత్రికి ఫారెన్‌హీట్‌లో యాభైల్లోకి, అంటే మన లెక్కలో పది పన్నెండు డిగ్రీలకి దిగిపోయింది. పిల్లలకి మంకీ క్యాపులు, కింద పరచడానికి మందపాటి దుప్పట్లు ఉండాల్సిందే, నేల చలి పై చలి కంటే ఎక్కువ లాగుతుంది.

డార్క్ హాలో జలపాతం రానూపోనూ 1.4 మైళ్ళే, కానీ వెళ్ళేటప్పుడంతా దిగుడు, తిరిగొచ్చేటప్పుడు ఆయాసం వచ్చే ఎక్కుడు. పిల్లలకి బ్రహ్మాండం, మోకాళ్ళ నొప్పులున్నవాళ్ళకి వద్దు. వాళ్ళకి స్కైలాండ్ దగ్గరి స్టోనీ మ్యాన్ శిఖరం మేలు, దూరం కాస్త ఎక్కువైనా ఎక్కుడు మెల్లగా ఉంటుంది. మా అత్తగారు ఆగి ఆగి పైదాకా వచ్చారు. బండ మీద కూర్చుని కింద లోయలో పొలాలు చూస్తూ అరగంట లేవలేదు.

సైట్లు ఆరు నెలల ముందే బుకింగ్‌కి వస్తాయి, లేబర్ డేకి వెంటనే అయిపోతాయి. నేల మీద పడుకోలేని పెద్దవాళ్ళుంటే పక్కనే ఉన్న బిగ్ మెడోస్ లాడ్జిలో వాళ్ళకో గది తీసుకుని మీరు టెంటులో ఉండండి, భోజనాలకి అందరూ ఒకేచోట కలవొచ్చు.