రేకుల షెడ్డు ఊడదీసి ఇంకో చోట నిలబెట్టే వెల్డింగ్ షాపు, పొదలకూరు రోడ్డు, నెల్లూరు: నా రివ్యూ

స్థలం బాడుగకి తీసుకుని సొంత డబ్బుతో షెడ్డు వేసుకుని ఉండేవాళ్ళు ఇది చదవండి. మా అక్కావాళ్ళు అట్టాంటోళ్ళే. నేల ఓనరుది, పైన రేకులు పైపులు తలుపులు అన్నీ వీళ్ళవి, నెలనెలా స్థలం బాడుగ కట్టుకుంటా ఉన్నారు. అదే స్థలంలో ఇంకో నాలుగైదు కుటుంబాలు. ఓనరు దాన్ని అపార్ట్‌మెంట్ కోసం డెవలప్‌మెంట్‌కి ఇచ్చేశాడు, నెలాఖరుకి ఖాళీ చేయమన్నాడు, అంతే.

ఖాళీ చేయడమంటే సామాన్లు ఆటోలో వేసుకుని పోవడం కాదు గదా, ఇల్లే ఎత్తుకుని పోవాల. ముందు పాత ఇనుము ఆయన వచ్చి మొత్తం కేజీల లెక్కన తీసుకుంటానన్నాడు, పక్కింటాయన అట్టాగే ఇచ్చేశాడు, వచ్చిన డబ్బులు కొత్త షెడ్డులో పైపులకి కూడా చాల్లేదు పాపం. స్క్రాపుకి మాత్రం ఇవ్వబాకండి.

ఈ షాపు మేస్త్రి ముందు రోజు సాయంత్రమే వచ్చి తుప్పు పట్టిన జె హుక్కుల (రేకుని పైపుకి పట్టి ఉంచే వంపు బోల్టుల) నట్లన్నిటికీ డీజిల్ పోయించి పోయాడు. తెల్లారి స్పానర్‌తో తిప్పితే సగానికి పైగా ఊడొచ్చాయి, రానివే కట్టర్‌తో కోశారు. నాకు బాగా నచ్చింది ఏందంటే ప్రతి రేకు మీదా ఎర్ర పెయింట్‌తో నంబర్ వేశారు, దాని కిందుండే పైపు మీద కూడా అదే నంబర్. ఎందుకన్నా ఇదంతా అంటే, "పాత బెజ్జాలు మళ్ళీ అదే పైపు మీదికి రావాలమ్మా, లేకపోతే కొత్త బెజ్జం కొట్టాల, పాత దాంట్లోంచి వాన కారతాది" అన్నాడు. బిగించేటప్పుడు తారు వాషర్లు మాత్రం అన్నీ కొత్తవి వేశాడు. స్తంభాలు కాంక్రీట్లో పాతినవి కాబట్టి నేల దగ్గర కోసి కొత్త చోట అడుగున బేస్ ప్లేట్లు (ఇనప పలకలు) వెల్డింగ్ చేసి బోల్టులు వేశారు, మళ్ళీ ఎవరన్నా లేపితే ఈసారి బోల్టులు విప్పితే చాలు. కొత్త షెడ్డుకి వేరేవాళ్ళు అడిగిన దాంట్లో మూడో వంతు లోపే అయింది.

బాగలేనివి కూడా చెప్పాల. టాటా ఏస్‌లో ఎక్కించేటప్పుడు రెండు రేకులు పగిలాయి, అది మా లెక్క కాదన్నారు, ముందే మాట్లాడుకోండి. ఇంకోటి ఇంతకంటే పెద్దది, పాత సిమెంట్ రేకుల్లో ఆస్‌బెస్టాస్ ఉంటాది, కోస్తే లేచే దుమ్ము ఊపిరితిత్తుల్ని పాడు చేస్తాది, పని చేసే పిల్లోళ్ళకి మాస్కులే లేవు. మేమే నీళ్ళు చల్లించి తువ్వాళ్ళు కట్టించాం. అందుకే ఒక స్టార్ తీసేసి నాలుగే ఇస్తున్నా.

ఇంకో విషయం, షెడ్డు కూడా నాదే వదిలేసి పొమ్మని ఏ ఓనరన్నా అంటే భయపడబాకండి. 1882 ఆస్తి బదిలీ చట్టం 108వ సెక్షన్‌లోనే ఉంది, బాడుగకున్నవాళ్ళు తాము నేలకి బిగించినవి ఊడదీసుకుని పోవచ్చు, స్థలాన్ని ముందు ఎట్టుందో అట్టా వదలాలంతే. వేరేగా రాసుకున్న అగ్రిమెంట్ ఉంటే అది ఒకసారి చూసుకోండి, తాళం ఇచ్చేశాక కాదు, స్థలం మీ చేతిలో ఉండగానే ఊడదీయాల. నోటిమాట మీద నెలనెలా బాడుగ అయినా 106వ సెక్షన్ ప్రకారం 15 రోజుల ముందు రాతపూర్వకంగా నోటీసు ఇవ్వాల. రవాణా ఖర్చు మాత్రం ఎవురూ ఇవ్వరు. గవర్నమెంట్ భూమి సేకరిస్తే 2013 చట్టం కింద ఊరు మారే కుటుంబానికి సామాన్లు తరలించడానికి 50 వేలు అని రాసుంది, ప్రైవేటుగా ఇట్టా ఒక ప్లాట్ చేతులు మారితే అది వర్తించదు. ఇది నాకు చాలా అన్యాయం అనిపిస్తాది, లేచి పోయే మనిషికి కష్టం రెండు చోట్లా ఒకటే గదా.

అమెరికాలో కూడా ఇదే కథంట, కాలిఫోర్నియాలో ఉండే మా బాబాయి కొడుకు చెప్పాడు. మొబైల్ హోమ్ పార్కుల్లో ఇల్లు వీళ్ళది నేల ఇంకొకళ్ళది, ఇల్లు కదిలించాలంటే వేల డాలర్లు, పాత ఇళ్ళని వేరే పార్కులు రానివ్వవు. పాలో ఆల్టోలో బ్యూనా విస్టా అనే పార్కుని మూసేస్తామని ఓనర్లు 2012లో అర్జీ పెడితే అక్కడోళ్ళు ఏళ్ళ తరబడి కొట్లాడారు, చివరికి 2017లో అక్కడి హౌసింగ్ అథారిటీ (ఇళ్ళ సంగతి చూసే ప్రభుత్వ సంస్థ) సుమారు 4 కోట్ల డాలర్లకి ఆ నేల కొనింది, జనం అక్కడే ఉన్నారు. మన దగ్గర కూడా ఆఫీసులు అట్టా ముందుకొస్తే ఎంత బాగుండు.

అక్కావాళ్ళ షెడ్డు ఇప్పుడు ధనలక్ష్మీపురం వైపు ఉంది, గట్టిగానే ఉంది. కానీ అక్క పని చేసే ఇళ్ళు మాగుంట లేఅవుట్‌లో, పొద్దున్నే ఆటోకి పోను రాను ఖర్చు, పిల్లోడి బడి సంవత్సరం మధ్యలో మారింది, కొత్త చోట కరెంట్ మీటర్ ఇంకా రాలేదు. పాత స్థలంలో రెండు కుటుంబాలు ఇంకా యాడికి పోవాల్నో తెలీక ఉన్నారు, అక్టోబర్ వస్తే మనకి వానలు తుఫాన్లు, ఆలోపే అయిపోవాల. పొదలకూరు రోడ్డు పక్కన షెడ్డు వేసుకోడానికి స్థలం బాడుగకి ఇచ్చేవాళ్ళు మీకెవరన్నా తెలిస్తే దయచేసి కింద చెప్పండి.